అచ్చుకాని మా మరిది వ్యాసం

మా మరిది పోయాడని పట్నం నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆయన శిష్యుడు. గుండె ఆగి పోయారని ఒక్క ముక్కలో చెప్పి, ఆయన రాసిన పరిశోధనా వ్యాసాలెన్నో, వాటిని లోకంలో ఎంతమంది ఉదహరించారో చెప్పడానికి మాత్రం అయిదు నిమిషాలు తీసుకున్నాడు. పోయే పూట మా మరిది అన్నం తిన్నాడా అని అడిగాను. అతనికి తెలియదు.

సంతాప సభలోనూ అదే వరస. వచ్చిన ప్రతివాడూ ఒక అంకె చెప్పి కూర్చున్నాడు. ఏ ఇద్దరి అంకెలూ కలవలేదు. దాని మీద వేదిక మీదే చిన్న వాదన కూడా జరిగింది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ మనిషికి ఎక్కాలు అప్పజెప్పించినదాన్ని. కనుక నాకు తెలిసింది రాస్తాను. పోయినవాళ్ళను పొగడడమే మర్యాద అనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపవచ్చు.

మా ఊరు బాన్సువాడ వచ్చినప్పుడల్లా ఆయన సంచిలో తన వ్యాసాల జాబితా ఉండేది. చెప్పులు విడవకముందే తీసి చూపించేవాడు. ఒకసారి కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాను. ఏళ్ళ తరబడి జవాబు పత్రాలు దిద్దిన కళ్ళు ఇవి. ఒకే సంగతి పేరు మార్చుకుని మూడుచోట్ల అచ్చయింది. ఉదహరించినవాళ్ళలో చాలాచోట్ల ఉన్నది ఆయన పేరే. అందరికన్నా ఎక్కువమంది ఎత్తి చెప్పిన వ్యాసం ఏదని అడిగితే వేలు పెట్టి చూపించాడు.

"దీంట్ల ఏమున్నదని గింతమంది పేరెత్తిండ్రు?" అన్నాను.

నసిగాడు. "తప్పున్నదన్నరు వదినా. తప్పన్నా లెక్కలకొస్తది."

"అట్లయితే మా బడిల అందరికన్న గొప్పోడు గోడ దుంకేటోడే. రోజు వాని పేరే ఎక్కువ పిలుస్తుంటి."

నవ్వాడు. ఆ నవ్వులో ఇసుమంత సిగ్గు లేదు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

పదేళ్ళ కిందట పురుగుమందుల మీద పరిశోధన అంటూ మా పొలానికే వచ్చాడు. వరికి కొట్టే మందును డ్రమ్ముల్లో చేత్తో కలిపే ఆడవాళ్ళ నెత్తురు తీసుకుపోయాడు. ఏడాది తిరిగేసరికి వ్యాసం అచ్చయింది. రెండోసారి నెత్తురు తీయడానికి మళ్ళీ దిగాడు. అప్పుడు సాయవ్వ వచ్చి మా గడపలో నిలబడింది. మా పొలంలో మందు కలిపేది ఆమె, ఆమె కోడలు.

"సారూ, మా నెత్తురు ఏమాయె? కోడలు కడుపుతోనున్నది. దాన్ని మందుకాడికి తోలాల్నా, వద్దా? గదొక్కటి చెప్పు."

ఆయన అచ్చయిన కాగితం చూపించాడు. ఇది దేశదేశాలకు పోయింది, దీన్ని ఎత్తి చెప్పినోళ్ళు మస్తు, గన్ని సైటేషన్లు వచ్చినయ్ అన్నాడు.

"గన్ని స్టేషన్లు తిరిగినవా సారూ?" అన్నది సాయవ్వ. "మా వాడకట్టు తొవ్వ ఒక్కటే దొరకలేదా?"

ఆమెను పంపించి నేను నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. సాయవ్వ కోడలి సంగతి ఆయనకు ఏడాదిగా తెలుసు. మందు అందరికన్నా ఎక్కువగా దెబ్బతీసింది ఆ పిల్లనే. చెబితే వాళ్ళు పని మానేస్తారు. మానేస్తే రెండో ఏటి నెత్తురుతో పోలిక చెడుతుంది, రెండో వ్యాసం పోతుంది.

"పేర్లు బయట పెట్టొద్దని పద్ధతి ఉంటది వదినా."

"పక్కోళ్ళకు చెప్పొద్దన్నరు. దాని నెత్తురు దానికి చెప్పొద్దన్నరా? వ్యాసం పోతే ఇంకోటి రాస్తవు. దాని కడుపుల బిడ్డను మళ్ళ రాస్తవా?"

ఆ పూట ఆయన అన్నం తినలేదు. నేను బతిమాలనూ లేదు. ఆ మందు తెప్పించింది మేమే, కలపమని పంపిందీ మేమే. ఆయన్ను తిట్టిన నోటితో ఇదీ చెప్పాలి.

తెల్లవారి పొలం గట్టున కూర్చుని, నంబర్ల కాగితాన్నీ పేర్ల పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి చెప్పాడు. ఇన్నేళ్ళూ ఇంగ్లీషులో రాసిన మనిషికి తెలుగు మాటలు దొరకక తంటాలు పడ్డాడు. సాయవ్వ కోడలి వంతు వచ్చేసరికి కాగితం పక్కన పెట్టేశాడు. "ఇయ్యాల్టి సంది మందు ముట్టకు బిడ్డా" అన్నాడు.

ఆడవాళ్ళు పని మానేశారు. రెండో వ్యాసం రాలేదు. జాబితాలో ఆ ఏడు ఖాళీగానే ఉంది. సభలో ఒకాయన దాన్ని పాపం ఏమీ సాధించని ఏడాదని కూడా అన్నాడు. సాయవ్వ మనవరాలు ఇప్పుడు నాలుగో తరగతి చదువుతోంది.

ఆయన రాసినవన్నీ ఒక ఎత్తు, రాయకుండా వదులుకున్నది ఒక ఎత్తు. నాకు గౌరవం ఉన్నది ఆ రెండోదాని మీదే.

ఆ పొద్దున ఆయన మాట విన్న సాయవ్వ కోడలు డ్రమ్ము వదిలేసి బోరు దగ్గరికి పోయింది. మోచేతుల దాకా తెల్లటి మందు. కడుగుతోంది, వాసన చూసుకుంటోంది, మళ్ళీ కడుగుతోంది. మా మరిది ఇంటికి పరుగెత్తుకొచ్చి సబ్బు పట్టుకుపోయాడు. ఇచ్చి కూడా కదల్లేదు. పాంటు మోకాళ్ళ దాకా తడుస్తున్నా, ఆ పిల్ల చేతులు కడుక్కోవడం అయ్యేదాకా ఖాళీ సబ్బుపెట్టె చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.