శుక్రవారం సంధి

ఎనభై అయిదులో ఒక శుక్రవారం, అంటే ఈ అరబ్బు దేశంలో మా సెలవురోజు, పొద్దున ఏడింటికి సిత్రాలో బస్సెక్కాను. బుదైయాలో జరిగే మా తెలుగు ప్రార్థన కూటంలో ఎవరైనా భక్తుడి జీవితం చెప్పమని పెద్దలు పురమాయించారు. నేను ఆఫీసులో టైపిస్టును. వేళ్లకున్న వాగ్ధాటి నోటికి లేదు.

పక్క సీట్లో యాదయ్య. కరీంనగర్ మనిషి, కూటంలో డోలక్ వాయిస్తాడు. చేతిలో ఖాళీ గోనెసంచి.

"సంచెందుకు యాదయ్యా?"

"నా డోలక్ తెచ్చుకుంట సార్. సత్యానందం సారు దాన్ని తోలుడబ్బా అన్నడు. ఆయన గాలిపెట్టెతోటి ఆయన్నే పాడుకోమనుండ్రి. వచ్చే వారం సంది మేం సిత్రలనే వేరే కూడుకుంటం."

సత్యానందంగారిది నర్సాపురం, హార్మోనియం ఆయనది. ఇద్దరికీ మూడు నెలలుగా మాటల్లేవు. ఇక కూటమే రెండు ముక్కలు కాబోతోంది. యాదయ్య యాసలో 'సంది' అంటే 'నుంచి' అనే; అయినా అది వినగానే, నేను చెప్పబోయే సంధి మీద నాకు ఆశ పుట్టింది.

మనామాలో బస్సు మారాలి. సమోసా, చాయ్ అక్కడే కానివ్వండి. తర్వాత దారంతా ఖర్జూరపు తోటలే. సిత్రాలో చమురు ట్యాంకులు చూసి చూసి మొద్దుబారిన కళ్లకు ఆ పచ్చదనమే ఫలహారం. ఎనిమిదిన్నరకు బుదైయాలో దిగాం. కూటం గదిలోకి వెళ్తూనే యాదయ్య డోలక్‌ను సంచిలో వేసుకుని కూర్చున్నాడు.

మా ప్లాంటుకు వచ్చిన బార్సిలోనా ఇంజనీరు భోజనాల దగ్గర చెప్పిన కథనే నేనూ చెప్పాను. వెయ్యేళ్ల కిందట కాటలోనియాలో ఒక ప్రభువు కోటలూ జాగీరూ సోదరులకు వదిలేసి సన్యాసి అయ్యాడు. మఠాధిపతి అయ్యాడు, బిషప్పూ అయ్యాడు. పేరు పలకబోతే నాలుక మడతపడింది. 'దొరబిషప్‌గారు' అని సరిపెట్టాను. ఆ కాలపు దొరల కొట్లాటల్లో దొరికిన రైతు దొరికినట్టే నాశనం. పూర్తిగా మానమంటే మానరని ఆయనకు తెలుసు, తానూ దొరే కదా! అందుకే కొంచెమే అడిగాడు: శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటి దాకా ఎవరూ కత్తి దూయకూడదు. అందరినీ ఒప్పించాడు. దాని పేరు దేవుని సంధి.

"బాగానే ఉందండీ," అన్నారు సత్యానందంగారు వెటకారంగా. "ఆదివారం మనకి డ్యూటీ కదండీ! ఇంకెక్కడి సంధండీ?"

"ఈడ మన ఆదివారం శుక్రారమే గద సార్!" యాదయ్య నోరు జారాడు. "బేస్తారం పొద్దుమీకి సంది శనారం పొద్దటిదాంక బంద్ అనుకోవాలె."

మూడు నెలల్లో మొదటి మాట! గదంతా గొల్లుమంది. సత్యానందంగారికీ నవ్వు ఆగలేదు.

"మరి ఆ డోలక్ సంచిలో ఎందుకయ్యా? తియ్యి. తిట్టుకోడానికి శనివారం ఉందిగా!"

ఆ రోజు పాటలకు కిటికీ అద్దాలు తాళం వేశాయి. నా ప్రసంగం ఎవరికీ గుర్తులేదు, అంతకన్నా గెలుపేముంటుంది?

పన్నెండున్నరకు తిరుగు బస్సు. డోలక్ బుదైయాలోనే ఉండిపోయింది; సంచిలోకి తోట కొత్తిమీర చేరింది. యాదయ్య సీటు మీదే దరువేస్తుంటే సత్యానందంగారు గొంతు కలిపారు. ఆయన ఇల్లు మనామాలోనే. దిగుతూ యాదయ్యకు వేలు చూపించి బెదిరించారు.

"రేపొస్తానయ్యా సిత్రాకి, తోలుడబ్బా అనడానికి."

"రేపు ఓవర్‌టైం ఉంది సార్, తీరది. మల్ల శుక్రారమే!"

దొరబిషప్‌గారు యుద్ధానికి సెలవు ఇప్పించారు. మాకైతే యుద్ధం చేయడానికే సెలవు దొరకలేదు.