ఫొటో కోసం ఇప్పిన కప్పు

రాజాం గ్రంథాలయంలో నేను కూర్చునే చోటు ఒకటుంది. కిటికీ పక్కన, ఫ్యాను తిరిగినా గాలి తగలని మూల. పదో తరగతి తప్పి బట్టల కొట్లో చేరిన నాకు చదువంటూ ఏదైనా వచ్చిందంటే ఆ మూలలోనే వచ్చింది. చరిత్ర అలమార మొత్తం చదివాను. వైద్యం అలమార సగం చదివి, అందులోని జబ్బులన్నీ నాకే ఉన్నట్టు తోచి ఆపేశాను. పోయిన శనివారం లైబ్రేరియన్ "మీరు ఏదిచ్చినా చదువుతారుగా" అంటూ, ఊరికే వచ్చిన పుస్తకం ఒకటి నా ముందు పడేశాడు. చేతిలోంచి జారిపోయేంత నున్నటి కాగితం. ఎక్కడో యుద్ధంలో సర్వం పోగొట్టుకున్నవాళ్ళకు సాయం చేయమని ఒక సేవాసంస్థ వేయించినది. ఇలాంటి పుస్తకాల్లో బాధలన్నీ రంగుల్లో ఉంటాయి, బాధపడేవాళ్ళకు మాత్రం పేర్లుండవు. నాలుగో పేజీ తిప్పేసరికి, కప్పు లేని మట్టిగోడల ముందు, చిరిగిన చీరలో, మా అత్త నిలబడి ఉంది. "యుద్ధం ఈమె గూడు కూల్చింది" అని కింద రాశారు. మా అత్తది కోటబొమ్మాళి దగ్గర పల్లె. ఆవిడ ఎరిగిన యుద్ధమల్లా వీధి కుళాయి దగ్గర జరిగేదే.

అత్త అంటే మా నాన్నకు అక్క. మావయ్య పోయాక అరెకరం పొలం, ఒక కోళ్ళగూడు, చర్చికి కట్టుకెళ్ళే తెల్లచీర ఒకటి ఆవిడకు మిగిలాయి. వరి కోశాక ఆ అరెకరంలో పెసలు చల్లుతుంది. విత్తనం ఎవరినీ అడగదు. ముందటేడు పంటలోంచి గింజ గింజా ఏరి, బూడిద కలిపి, కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి దాస్తుంది. ఆ కుండ పక్కనే బైబిలు. ఈ రెంటికీ తడి తగలకుండా చూడటమే ఆవిడ సంసారం. కొన్నేళ్ళ కిందట తుఫాను వచ్చి ఆ ఇంటి కప్పు ఎగరగొట్టినప్పుడు, ఆవిడ ఆ రెంటినీ ఒళ్ళో పెట్టుకుని మంచం కింద కూర్చుందట. నేను మర్నాడు వెళ్ళేసరికి నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను. "వచ్చినావా అల్లుడా, ఆ కమ్మలు అందుకో" అంది. పడిపోయిన తాటిచెట్ల కమ్మలే తెచ్చి, గోగునారతో కట్టి, రెండు రోజుల్లో కప్పు వేసేశాం. పచ్చి కమ్మలు, పైగా నా కట్టు. గట్టి వాన పడితే ఆగదని ఇద్దరికీ తెలుసు. ఆపైన ఒక టార్పాలిను బరకం పరిస్తే మాత్రం పెసలు దక్కుతాయి. అత్తకు లోకంలో కావలసింది ఆ ఒక్క బరకం.

నాలుగో రోజున ఆ సేవాసంస్థ బండి వచ్చింది. బండి కంటే దాని మీద బ్యానరు పెద్దది. చేతుల్లేని కోటు మీద గుర్తు కుట్టించుకున్న ఒకాయన అట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. పక్కింటాయన కూలిన తన ఇంట్లోంచి పుల్ల కూడా తీయకుండా, ఆ కుప్ప మీదే కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. జాబితాలో మొదటి పేరు ఆయనదే. అత్త వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి ఉంది. కోటాయన ఒకసారి పైకి చూసి, "ఇది రాయడానికి లేదండీ, బానే ఉందిగా" అన్నాడు.

"దానికదే బాగైపోనాదేటి బాబూ? నానూ మా అల్లుడూ కప్పినాం," అంది అత్త.

"నిజమేనమ్మా. కానీ కప్పుకున్నవాళ్ళకి మా ఫారంలో గడి లేదు. పడినట్టు ఫొటో ఉండాలి. రేపు పొద్దున్న కెమెరా ఆయన వస్తారు. ఈలోగా కొంచెం తీసి ఉంచితే, సాయంత్రానికి బరకం మీ ఇంట్లో ఉంటుంది."

కుదురుగా ఉన్నవాణ్ణి పాడుచేసి, ఆ పాడుకు మందు ఇచ్చే వైద్యం నా సగం అలమారలో ఎక్కడా లేదు. ఆ మాట ఆయనతో అనవలసింది. అనలేదు. ఊళ్ళో చదివినవాణ్ణి నేనే కదా, ఫారం సంగతి నాకు తెలియాలి కదా. అత్తను పక్కకు పిలిచి, ప్రపంచంలో సహాయం పంచే పద్ధతులు ఎలా పుట్టాయో అరగంట వివరించాను. అంతా విని ఆవిడ ఒకే మాట అడిగింది.

"కట్టిన కప్పు ఎవులైనా ఇప్పుకుంటారేటిరా? ఏ బుక్కులో ఉన్నాది?"

"పద్ధతి అత్తా. ఒక్క పూటే."

"నువ్వు సదివినోడివి. నీ మాట కాదంటే నాకు పాపం," అంది. ఆ సాయంత్రం ఇప్పేశాను.

మర్నాడు పొద్దున్న కెమెరా ఆయన వచ్చేసరికి అత్త తలంటుకుని, చర్చి చీర కట్టి, తలలో కనకాంబరాలు పెట్టుకుని గోడ ముందు నిలబడింది. ఫొటో అంటే మా వైపు అంతే మరి. ఆయన ఆవిడను కింది నుంచి పైకి చూసి, పువ్వులు తీసేయమన్నాడు. జుట్టు కాస్త చెదరాలన్నాడు. చిరిగిన చీర ఏదైనా ఉందా అని అడిగాడు.

"సిరిగిన సీరలు ఇంట్లో ఎందుకుంటాయి బాబూ? స్టీలు గిన్నెలోడికి యేసేస్తాం."

ఊరంతా వెతికినా దొరకలేదు. చివరికి వాళ్ళే, మాకు పంచడానికి తెచ్చిన పాతబట్టల మూట విప్పి, అందులోంచి తీశారు. వెతకనక్కర్లేకుండా మొదటిదే సరిపోయింది. నన్ను గోడ వెనక నిలబెట్టి, వేలాడుతున్న ఆఖరి కమ్మను ఎత్తి పట్టుకోమన్నారు, ఆకాశం కనబడాలట. పట్టుకున్నాను. ఆ చిరిగిన చీర మళ్ళీ మూటలో కట్టేసుకుని బండి వెళ్ళిపోయింది, అత్త తన తెల్లచీర కట్టుకుంది.

బరకం వచ్చాక ఒకేసారి కప్పుదామని ఆగాం, మధ్యాహ్నం మూడింటికి వాన దిగింది. కిందపడున్న కమ్మలు ఎత్తేలోగా ఇల్లు చెరువైంది. అత్త తన ఒంటి మీది తెల్లచీర కొంగు తీసి బైబిలుకు చుట్టింది. కుండకు చుట్టడానికి ఏమీ మిగల్లేదు. బరకం ఆ సాయంత్రం రాలేదు, మర్నాడూ రాలేదు. మూడో రోజున లారీ వచ్చి ఇంటికో ఉన్నికోటు ఇచ్చింది. మోకాళ్ళ దాకా వేలాడేవి, బొచ్చు కాలర్లవి. మంచు కురిసే ఏదో దేశంలో యుద్ధబాధితుల కోసం పోగుచేసినవట, మిగిలాయట. కాస్త కూర్చుంటేనే చెమట పట్టే ఆ ఊళ్ళో, జాబితా ప్రకారం, వేలిముద్రలు వేయించుకుని మరీ ఇచ్చారు. అత్త దాన్ని గంపలో పరిచి పెట్టను పొదగేసింది. పదకొండు గుడ్లూ పిల్లలయ్యాయి. ఆ సంస్థ అక్కడ ఎవరికైనా మేలు చేసిందంటే ఆ పదకొండు పిల్లలకే.

కుండలో పెసలు అప్పటికే తెల్లటి మొలకలు వేశాయి. ఆ ఏడు అరెకరం బీడుపడింది. అత్త పక్కవాళ్ళ చేలో పెసరకాయ కోయడానికి కూలికి వెళ్ళింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత మాత్రం, నేను ఏ పుస్తకం గురించి చెప్పబోయినా, లేచి కోళ్ళకు నూకలు వేయడానికి వెళ్ళిపోయేది.

ఆ నున్నటి పుస్తకం అడిగి తీసుకుని నిన్న ఆవిడ దగ్గరికి వెళ్ళాను. సంస్థకు ఉత్తరం రాస్తానని, నాకు తెలిసిన గట్టి మాటలన్నీ అందులో పెడతానని చెప్పాను. ఆవిడ పేజీని దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆ సీర నాది కాదని రాయి," అంది. "కప్పుదేటుంది, గాలికి పోతాది. నాను సిరిగిన సీర కట్టుకుంటానని లోకవంతా సూసీసినారు కదరా."

తర్వాత వేలు పెట్టి ఒక చోట చూపించింది. గోడ పైన, ఆకాశానికి అడ్డం రాకుండా కమ్మను ఎత్తి పట్టుకున్న చెయ్యి ఒకటి, మణికట్టు దాకా. "ఇది నీదే కదేటి?" అంది. అవునన్నాను. యుద్ధం ఈమె గూడు కూల్చిందని ఆ కిందే రాసి ఉంది. తుఫాను ఎగరగొట్టిన కప్పును రెండు రోజుల్లో కట్టాం. నేను ఇప్పినదాన్ని కూడా వాన వెలిశాక మళ్ళీ కట్టాం, ఏటేటా కమ్మలు మారుస్తూనే ఉన్నాం. ఆ పేజీలో మాత్రం ఇన్నేళ్ళుగా అది ఇప్పేసే ఉంది, నా చెయ్యి ఇంకా దిగలేదు.