రెండు బోర్డుల టీచరమ్మ

మా బడి చర్చివాళ్లది. అందులో బైబిలు పాఠం చెప్పే టీచరమ్మకి ఉన్నిగుడ్డ అతికించిన బోర్డొకటి ఉండేది. వెనక గరుకు కాగితం అంటించిన అట్టబొమ్మల్ని దానిమీద పెడితే ఇట్టే అంటుకునేవి. నోవహు, ఏనుగులు, గొర్రెల కాపరులు, మరియమ్మ, అందరూ ఒక బిస్కెట్ల డబ్బాలో కాపురం ఉండేవారు. ఒకసారి గొర్రెపిల్ల ఆవిడ ఉన్ని స్వెట్టరు వీపుకి అంటుకుని, పొద్దుటి ప్రార్థన అయ్యేదాకా ఆవిడతోనే నిలబడింది. స్టాఫంతా చూశాం. చెప్పాలంటే నోరు రాలేదు, అంత బావుంది.

ఆవిడ పాఠం మొదలవగానే తరగతిలోని ముస్లిం పిల్లలు లేచి వరండాలోకి పోయి ఎక్కాలు రాసుకోవాలి. అది బడి పుట్టిన నాటి ఏర్పాటు. పాఠం చెబుతున్నా ఆవిడ కళ్లు కిటికీలోంచి వరండాలోకే పోయేవి. "వాళ్ల పుస్తకంలోనూ ఇబ్రహీము, మూసా, మరియమ్మ ఉన్నారు మేడమ్. అందర్నీ కూర్చోబెట్టి రెండూ చెబుతాను" అని ఏటా పెద్ద మేడమ్‌ని అడిగేది. ఏటా కాదనిపించుకునేది. చివరికి ఆ సంవత్సరం వరండాలో గోల భరించలేక పెద్ద మేడమ్, "ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి, వాళ్లని మాత్రం లోపలికి తోలండి" అన్నారు. అనుమతి వచ్చిన తీరు ఎలా ఉన్నా టీచరమ్మకి ఆ రోజు కాళ్లు నేలమీద నిలవలేదు.

తరగతిలో ఒక పాప తండ్రి వాచీలు బాగుచేసేవాడు. ఆవిడ ఆయన కొట్టుకి వెళ్లి ఖురాను అనువాదం అడిగి తెచ్చుకుంది. "చేతులు కడుక్కుని ముట్టుకోండమ్మా, కాస్త ఎత్తులో పెట్టండి" అన్నాడాయన. టీచరమ్మ ఇంట్లో ఎత్తయిన చోటు అలమర పైఅర ఒక్కటే. అక్కడ వాళ్లక్క బైబిలు ఉంది.

"ఏమే, దాన్ని బైబిలు మీద పెట్టావా?" అంది అక్క.

"మీద పెడితే నువ్వూరుకోవు, కింద పెడితే ఆయనూరుకోడు. పక్కన పెట్టానక్కా."

"పక్కనైనా కాస్త ఎడంగా పెట్టు."

తరగతిలో ఆవిడ ఒకే ఒక నియమం పెట్టింది. మనవాళ్లు, మీవాళ్లు అనే మాటలు ఎవరూ అనకూడదు. 'ఈ పుస్తకంలో ఇలా ఉంది, ఆ పుస్తకంలో అలా ఉంది' అనాలి. యేసు దేవుని కుమారుడని ఈ పుస్తకంలో ఉంది, ఈసా దేవుడు పంపిన ప్రవక్త అని ఆ పుస్తకంలో ఉంది అని చెప్పి, "ఏది నిజం టీచర్?" అని ఎవరైనా అడిగితే, "మీ అమ్మానాన్నల్ని అడగండి. ఇక్కడ మాత్రం ఎవరి పుస్తకంలో ఏముందో నేర్చుకుంటాం" అనేది. పిల్లలు ఒకరి బెంచీలో ఒకరు ఇరుక్కుని కూర్చుని వినేవారు. వాచీలాయన కూతురూ, చర్చి పెద్ద మనవరాలూ ఒకే బెంచీ.

ఖురానులో మరియమ్మ ప్రసవవేదనతో ఖర్జూరపు చెట్టు మొదట్లో చేరగిలబడుతుంది. డబ్బాలో పశువులపాక ఉంది గానీ ఖర్జూరపు చెట్టు లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ తన అక్క పాత ఆకుపచ్చ చీర కొంగు కత్తిరించి చెట్టు చేసింది. మర్నాడు ఆ చెట్టు కింద మరియమ్మ బొమ్మని నిలబెట్టింది. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు.

సాయంత్రం వాచీలాయన బడి గేటు దగ్గర తలొంచుకుని నిలబడ్డాడు.

"చెట్టు చాలా బావుందటమ్మా. మా పాప ఒకటే పొగడ్త."

"మరి ఆ మొహమేంటి భాయ్?"

"మేం అంత గొప్పవాళ్లకి బొమ్మ పెట్టమమ్మా. చెట్టుంచండి. ఆవిడ బొమ్మ తీసేయండి. మీ మీద కోపం కాదు, ఇంట్లో మా అమ్మ ఊరుకోవట్లేదు."

తెలియక చేసిన పనికి ఆవిడ సిగ్గుతో కుంచించుకుపోయింది. తర్వాతి పాఠానికి బొమ్మ తీసేసి ఒట్టి చెట్టు మీదే కథంతా చెప్పింది. ఆ సాయంత్రం గేటు దగ్గర చర్చి పెద్ద ఉన్నాడు.

"ఏవమ్మా, మరియమ్మని దింపేసి చెట్టుకి పాఠం చెబుతున్నావంట?"

"దింపలేదండీ, డబ్బాలో భద్రంగా ఉంది."

"మా బళ్లో ఆవిడ డబ్బాలోనా?"

పెద్ద మేడమ్ పిలిచి, రెండువైపులా గొడవ లేకుండా చూసుకోమనీ, లేదంటే వరండా ఉండనే ఉందనీ తేల్చేశారు. ఆ మాటకి ఆవిడ హడలిపోయింది. ఇంటికెళ్లి అక్క దుప్పటి ఒకటి బలిపెట్టి రెండో బోర్డు తయారుచేసింది. ఒకదానిమీద బొమ్మలు, ఒకదానిమీద ఒట్టి చెట్టూ, కొండా, నక్షత్రాలూ. రెండూ పక్కపక్కన పెట్టి, పాఠం మాత్రం ఒకటే చెప్పింది. ఎవరూ గేటు దగ్గరికి రాలేదు. ఆవిడ వారం పొడుగునా స్టాఫ్‌రూములో అందరికీ టీ పోయించింది.

తర్వాతి వారం ఆవిడ గదిలోకి వెళ్లేసరికి బెంచీలు జరిగి ఉన్నాయి. జరపమని ఎవరూ చెప్పలేదు. బొమ్మలున్న బోర్డు ముందు కొందరు, చెట్టున్న బోర్డు ముందు కొందరు. నడుమ మనిషి నడిచేంత సందు. చర్చి పెద్ద మనవరాలు ఇటు, వాచీలాయన కూతురు అటు.

"ఇదేంటమ్మా, అలా విడిపోయారు?"

"మా బోర్డు ఇక్కడుంది కదా టీచర్" అంది వాచీలాయన కూతురు, చాలా మామూలుగా.

ఆవిడ ఒక బోర్డు తీసేయబోయి, ఏది తీయాలో తెలియక, చెయ్యి గాల్లోనే ఉంచి నిలబడిపోయింది. మళ్లీ ఇదివరకటిలా కూర్చోమని ఆవిడ బతిమాలితే పిల్లలు కూర్చున్నది ఒక్క గంటే. మర్నాటికి మళ్లీ సందు. అటుగా వెళుతూ పెద్ద మేడమ్ చూసి ఎంతో సంతోషించారు. "వాళ్లంతట వాళ్లే సర్దుకున్నారే. ఇంక ఇరుకెందుకు, పక్కగది ఖాళీగానే ఉంది" అన్నారు.

ఇప్పుడు ఆవిడ పీరియడులో సగంసేపు ఈ గదిలో, సగంసేపు ఆ గదిలో. ఫిర్యాదులు లేవు. గోల లేదు. ఇలాంటి ఏర్పాటు ఎక్కడా చూడలేదని వచ్చినవాళ్లు మెచ్చుకుని పోతారు. టీచరమ్మ మాత్రం చూస్తుండగానే ముసలిదైపోయింది. మేమెవరమూ ఈ మధ్య ఆవిడ స్వెట్టరు వంక చూసి నవ్వుకోలేదు.

మొన్న నేను చాక్‌పీసుల కోసం వెళితే చర్చి పెద్ద మనవరాలు లేచి అడుగుతోంది.

"టీచర్, అవతలి గదిలో వాళ్లకేం చెబుతారు?"

"ఇదేనమ్మా. మాట పొల్లుపోకుండా ఇదే చెబుతాను."

ఆ పిల్ల సరేనని తలూపి కూర్చుంది. పక్కనున్న పిల్ల చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ టీచరమ్మని చూసి, పెద్దవాళ్లు అబద్ధం చెబితే మర్యాదకి నవ్వినట్టు నవ్వారు.