మూసిన పేజీలో చేరిన వరస

దయ్యం, గాలి అంటూ ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోతాను. రసీదు లేని మాట నమ్మే అలవాటు నాకు లేదు. ఏ ఆఫీసులో ఏ రోజు అర్జీ పెట్టానో, ఎవరు ఏమని వెటకారం చేశారో అంతా నా ఫైల్లో ఉంటుంది. ఇదీ అలాగే రాస్తున్నాను.

మాది కోడుమూరు దగ్గర పల్లె. మా అన్న బోర్లకు పాయింట్లు చూసేవాడు, అంటే ఎక్కడ తవ్వితే నీళ్లు పడతాయో చెప్పేవాడు. చెప్పిన చోట నీళ్లు పడకపోతే మిగతా పాయింట్లవాళ్లు ఆ ఊరి మొహం మళ్లీ చూడరు. అన్న మాత్రం ఆ రోజే రాసిపెట్టేవాడు: ఊరు, సర్వే నంబరు, ఎన్ని అడుగులు, ఏ రంగు దుమ్ము వచ్చింది, నీళ్లు పడ్డాయా లేదా. "తప్పయితే ముందు మనమే చెప్పాల" అనేవాడు.

ఆ వివరాలతో ఇద్దరం ఒక వెబ్‌సైటు పెట్టాం. కడపలో మస్తాన్ అనే అతను ఒకే సర్వర్‌లో ఎందరి సైట్లకో చోటు అద్దెకిచ్చేవాడు. సైటు వెనక డేటాబేస్ పేజీ ఉంటుంది. పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్లి, పట్టికలో ఒక వరస చేర్చితే సైటులో కనిపిస్తుంది. వేరే దారి లేదు.

అన్న గుండెపోటుతో పోయాడు. పోయే ముందు నెలలో మా చీనీ తోట, అంటే బత్తాయి తోట మూలన ఒక రాయి పాతి, "ఈడ నీళ్లుండాయి" అన్నాడు. పాత బోరు అప్పటికే ఎండిపోయింది. చెట్లు బతకాలంటే ఆ రాయే దిక్కు.

అంతలో ఒకరోజు డేటాబేస్ పేజీ తెరుచుకోలేదు. బస్సెక్కి కడప పోయాను.

"ఎవడో తెలీక వాని పట్టికంతా తుడిచేసుకున్నాడప్పా. అందుకే కస్టమర్లందరికీ మూసేసినాం. ఏం మార్చాలన్నా మాకు రాసి పంపు" అన్నాడు మస్తాన్.

మా అన్న రాతలు నా చేతిలో ఉండాలని పట్టుబట్టాను.

"నీ ఎండిన బోర్ల లెక్క ఎవడెత్తుకపోతాడప్పా!" అన్నాడు.

అతని షాపులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. వారానికొక ఫిర్యాదు పంపాను.

ఆ రాయి దగ్గర బోరు వేయడానికి బండి మాట్లాడాను. అది రావడానికి రెండు రోజుల ముందు, పొద్దున సైటు చూస్తే చివర కొత్త వరస ఉంది. మా ఊరు. మా సర్వే నంబరు. ఆరు వందల ఇరవై అడుగులు. ఎర్ర దుమ్ము, తర్వాత బూడిద రంగు. నీళ్లు లేవు.

మస్తాన్ ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. ఫోన్లో తిట్టాను.

"అల్లా మీద ఒట్టప్పా, మీ తోటలో బోరేస్తాండావని నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు.

మరునాడే కడప పోయాను. ఎవరెప్పుడు లోపలికి వెళ్లారో చూపే జాబితా తెరిచి నా ముందు పెట్టాడు. మూసిన రోజు నుంచి మా పట్టికలోకి ఎవరూ వెళ్లలేదు, మస్తాన్‌తో సహా. వరస మాత్రం ఉంది.

అయినా నేను ఆగలేదు. ఆ రాతను అబద్ధం చేయాలని ఏడు వందల అడుగులు దింపమన్నాను. ఎర్ర దుమ్ము లేచింది. తర్వాత బూడిద రంగు. ఆరు వందల ఇరవై దగ్గర రాయి తొలిచే బిట్టు ఇరుక్కుపోయింది. పైకీ రాలేదు, కిందికీ పోలేదు. చుక్క తడి లేదు. అన్న పాతిన రాయి పక్కనే కూలబడ్డాను.

నా పోరు పడలేక మస్తాన్ చివరికి నాకొక్కనికి పేజీ తెరిచాడు. ఆ వరసను చెరిపేసే వీలుంది. చేయి రాలేదు. ఇంకో వరస చేరుతుందేమోనని ఎదురుచూశాను, నెలలు గడిచినా చేరలేదు. నేను తెరిపించుకున్నందుకే ఆగిపోయిందేమో అనిపించి, మళ్లీ మూసేయమని అర్జీ పెట్టాను.

"తెరవమని ఏడిస్తివి, ఇప్పుడు మూయమని ఏడుస్తాండావు. తిక్కనా నీకు?" అన్నాడు. అని, మూసేశాడు.

రోజూ పొద్దున సైటు చూస్తాను. చివరి వరస అదే. చెట్లు సగానికి పైగా కట్టెలయ్యాయి. ఆ వరస ఎవరు రాశారో నాకిప్పటికీ అంతుపట్టలేదు. రాసినవాళ్లు దొరికినా పోట్లాడే ఓపిక లేదు. ఒక్కటే అడగాలి, నీళ్లు యాడుండాయన్నా అని.