తనకల్లులో ఎత్తిన కాలు

2003 శ్రీరామనవమి పొద్దున ఏడింటికి ధర్మవరంలో కదిరి బస్సెక్కినప్పుడు నా భుజాన కొత్త తువ్వాలుంది. దాన్ని తిరిగి ఇంటికి తెచ్చుకోవడమే ఈ ప్రయాణం ఉద్దేశం. నవ్వకండి.

తనకల్లు దగ్గర మా అత్తగారి ఊళ్ళో నవమికి చెక్కభజన ఆడతారు. చేతుల్లో చెక్కలు వాయిస్తూ, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని గుండ్రంగా తిరుగుతారు. ఫిడేలు మా మామది. అడుగు తప్పిన అల్లుడి తువ్వాలు ఆ ఫిడేలు మెడకు కట్టేస్తారు. మూడోసారి తప్పితే చెక్కలు లాక్కుని చెప్పులకు కాపలా పెడతారు, మళ్ళీ ఆటలోకి రానివ్వరు. నావి రెండు తువ్వాళ్ళు పోయాయి. రోజంతా మగ్గం గుంటలో కూర్చునే నాకు ఏడాదికొక్కసారి ఎగిరే ఆ ఆటంటే ప్రాణం.

కదిరిలో ఇడ్లీ తిన్నాం. చట్నీ మళ్ళీ అడక్కండి, నీళ్ళే వస్తాయి. తనకల్లు బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టబోతే మా ఆవిడ పద్మ నవ్వుతూ చెయ్యి పట్టుకుంది.

"దాన్ని ఈడే పోగొట్టుకుంటారా?"

నిలబడే పోయాం. పక్కన కోళ్ళబుట్టతో ఉన్న ముసలాయన ఏ ఊరని అడిగి, నన్ను కిందికీ మీదికీ చూశాడు. "అల్లునివా? పాపం" అన్నాడు.

పన్నెండుకి చేరాం. సంగటి, వేరుశనగల ఊరిమిండి పచ్చడి తిన్నాక పద్మ చెల్లెలి మొగుడు నన్ను గొడ్లపాక వెనక్కి లాక్కెళ్ళాడు. ఆయన కొత్తల్లుడు, అప్పటికే ఒక తువ్వాలు పోగొట్టుకున్నవాడు.

చిక్కంతా మామ ముక్కుపొడితో. చరణం చివర అందరం ఎడమకాలు ఎత్తగానే మామ ఫిడేలు ఆపి, నడుముకు దోపిన డబ్బా తీసి, తీరిగ్గా పీలుస్తాడు. తాళం అక్కడ సాగిపోతుంది. ఊరివాళ్ళ కాలు గాల్లోనే ఆగుతుంది. మాలాంటివాళ్ళది దిగిపోతుంది.

"డబ్బా కొట్టేసినానన్నా" అని ఆయన జేబు తట్టాడు. "పొడి లేకుంటే ఇంకేం ఆపుతాడు?"

నాకు ఏనుగెక్కినంత ధైర్యం వచ్చింది.

సాయంత్రం ఆట మొదలైంది. మొదటి చరణం చివర కాళ్ళు లేచాయి. మేమిద్దరం ధీమాగా దించేశాం. ఫిడేలు మాత్రం ఆగిపోయింది. మామ నడుము తడుముకున్నాడు, చొక్కా తడుముకున్నాడు, చాప కింద చూశాడు. అంతసేపూ ఊరు మొత్తం కొంగల్లా ఒంటికాలి మీదే. ఇంతలో మా తోడల్లుడి జేబులో డబ్బా మూత ఊడింది. వాడు తుమ్మాడు. నేనూ తుమ్మాను.

మామ నవ్వుతూ వచ్చి మా తువ్వాళ్ళు లాక్కున్నాడు. "డబ్బా ఉన్నా లేకున్నా ఆడ ఆగాల్సిందేనప్పా అల్లుడా. ఇంక నువ్వు చెప్పులకాడికి పో."

మర్నాడు తొమ్మిదింటి బస్సులో సీటు దొరికింది. నేను మూతి ముడుచుకునే కూర్చున్నాను.

"మీ నాయన ముక్కుపొడి పిచ్చికి నా ఆట పోయింది" అన్నాను.

ఈసారి పద్మ నవ్వలేదు. "పొడి వట్టి సాకు. మా చిన్నాయనకు ఎడమకాలు పొట్టి. అది నేలకు దిగేకి ఆలస్యమయ్యేది. తమ్మునికోసం ఆపుతాండానంటే జనం నగుతారని నాయన డబ్బా దోపుకున్నాడు. చిన్నాయన మన పెళ్ళైన నెలకే పాయె. నాయన ఇంకా ఆపుతాండాడు. ఊరోళ్ళందరికీ తెలుసు."

"మరి అల్లుళ్ళకు చెప్పరేం?"

"చెప్తే తువ్వాళ్ళు యాడ్నుంచి వస్తాయి?"

నవ్వబోయాను, అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళిపందిట్లో అందరికంటే వెనగ్గా నడిచొచ్చి నా చేతిలో చెక్కలు పెట్టింది ఆ చిన్నమామే.

ఆ ఊరికి వెళ్ళే అల్లుళ్ళు పాత తువ్వాలు తీసుకెళ్ళండి, అంతకంటే చెప్పను. వచ్చే నవమికి నేనూ వెళ్తాను. చెప్పుల దగ్గరే కూర్చుంటాను. చరణం చివర మాత్రం నా ఎడమకాలు గాల్లోనే ఉంటుంది, చిన్నమామ కాలు దిగేదాకా.