ఏడో అంతస్తులో గాలి వచ్చే చోటు

పత్రికలో ఉన్నప్పుడు ఆదివారం వచ్చే ఇంటి పేజీని చాలా ఏళ్లు నేనే చూశాను. గదిలోకి గాలి ఎలా రావాలి, కిటికీ దగ్గర ఏ మొక్క ఉంటే మనసు కుదుటపడుతుంది వంటి సంగతులు పాఠకులకు చెప్పేవాణ్ణి. ఆ కాలమంతా మేం పటాన్‌చెరులో కిరాయి ఇంట్లో ఉన్నాం. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తగిలేది. ఫ్యాక్టరీల వాసన వచ్చినప్పుడు దాన్నీ మూసేవాళ్లం.

రిటైరయ్యాక కొల్లూరులో సర్కారు కట్టిన డబుల్ బెడ్రూం కాలనీలో మా ఆవిడ పేరు మీద ఫ్లాటు వచ్చింది. ఏడో అంతస్తు. వచ్చిన కొన్నాళ్లకే ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె మంచం దిగనంది. వాకర్ మీద తువాలు ఆరేసింది.

నా విద్యకు ఇన్నాళ్లకు పని దొరికిందనుకున్నాను. బాల్కనీలో ఫెర్న్ మొక్కల కుండీలు, పేము కుర్చీ, కరెంటుతో నీళ్లు జారే రాతి బొమ్మ, అన్నీ పేజీలో చెప్పినట్టే అమర్చాను. పడమటి ఎండ గురించి పేజీలో ఎప్పుడూ రాయలేదు. ఫెర్నులు అప్పడాల్లా అయ్యాయి. అయినా ఆమెను బతిమాలి తీసుకొచ్చి కూర్చోబెట్టాను.

"చెట్టూ చేమా చూస్తుంటే జల్ది కోలుకుంటరట," అన్నాను.

"చెట్టు ఏడున్నది? ఎదురు బ్లాకు బాత్రూం పైపులు కనవడ్తున్నయి. ఆ నీళ్ల సప్పుడు బందు చెయ్యి జెర, ఊకె బాత్రూంకు పోవాలనిపిస్తుంది."

మళ్లీ మంచం ఎక్కింది. కాలు రోజురోజుకూ బిగుస్తోంది. చెప్పులో పాదం పెట్టాలన్నా నేనే వంగాల్సి వచ్చేది.

మా అంతస్తు వరండా చివర, లిఫ్టు దాటాక, గోడకు బదులు చిల్లుల సిమెంటు జాలీ ఉంది. కాలనీ పక్క చెరువు మీది గాలి అందులోంచి సూటిగా వస్తుంది. సాయంత్రమైతే ఆడవాళ్లు చిక్కుడుకాయలో తోటకూరో పట్టుకుని అక్కడ చేరతారు. దారికి అడ్డమని నేను సణిగేవాణ్ణి. ఒకరోజు మా తలుపు తెరిచి ఉండగా అక్కడ ఎవరో ఏదో అన్నారు, అందరూ పగలబడి నవ్వారు.

"ఏమన్నదంట?" మంచం మీంచి అడిగింది మా ఆవిడ.

"నాకేం తెలుసు?"

"ఇన్నేండ్లు పేపర్ల పని చేసినవ్, గింత ముచ్చట తెల్వదా? ఆ వాకర్ ఇటు తే."

పడితే పట్టుకోవడానికి చేతులు చాపి పక్కనే నడిచాను. పడలేదు. అక్కడికి చేరాక, జాలీ వల్ల గాలి ఎలా తిరుగుతుందో అందరికీ వివరించడం మొదలుపెట్టాను.

"సారూ," అంది పక్కింటామె తోటకూర తుంచుతూ, "మీరు గాలికి అడ్డం నిలవడ్డరు. అక్కను కూసోనియ్యుండ్రి."

జరిగాను. కుర్చీ తెమ్మంటే బాల్కనీలోంచి పేము కుర్చీ మోసుకొచ్చాను.

ఆ తర్వాత ఆమె రోజూ వెళ్లింది. నన్ను పక్కన నడవొద్దంది. ఒక సాయంత్రం తిరిగొస్తుంటే నేను తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె మా గుమ్మం ముందు ఆగలేదు. అటు చివరి ఫ్లాటులో ఒకామె ఇదే ఆపరేషనుకు భయపడుతోందట.

"కాలు సూపిచ్చి వస్త. బియ్యం కడిగి పెట్టు."

లోపలికెళ్లి, బియ్యం ఎక్కడుంటాయో అడగడానికి మళ్లీ బయటికొచ్చేసరికి ఆమె చాలా దూరం వెళ్లిపోయింది.