రౌటర్‌కు పసుపు

గద్వాలలో మా మగ్గానికి చీరల డిజైన్లు నేనే లాప్‌టాప్‌లో గీస్తాను. మధ్యాహ్నంలోగా కొత్త అంచు డిజైన్ పంపకపోతే ఆర్డరు వేరే ఇంటికిస్తానని షావుకారు చెప్పాడు. పొద్దున్నే లాప్‌టాప్ అప్‌డేట్ అయి, మా వైఫైది పాత ఎన్‌క్రిప్షన్ తాళం, ప్రమాదమని కలవనంది. నా ఫోనేమో రిపేరు షాపులో ఉంది.

సెట్టింగ్ మార్చడానికి రౌటర్ అడుగున అంటించిన పాస్‌వర్డ్ కావాలి. దసరాకు అమ్మ మగ్గంతోపాటు రౌటర్‌కూ అన్ని వైపులా పసుపు పూసింది. అక్షరాలు కనిపించలేదు.

"జర తుడువే అమ్మా."

తడిబట్టతో గట్టిగా తుడిచింది. కాగితం ముక్కలై బట్టకు అంటుకుంది.

"సాఫ్ అయింది సూడు బిడ్డా!"

రీసెట్ చేసినా అదే పాస్‌వర్డ్ అడుగుతుంది.

మధ్యాహ్నం దాటాక నాన్న వచ్చాడు. "పంపినవా రా?"

"లేదు నాన్నా. ప్రమాదమైతే తప్పింది."

నాన్న నవ్వలేదు. ఆ నెల మగ్గం చప్పుడు చేయలేదు.